రోడ్డు దాటాల్సిన తుపాకి

ప్రభుత్వం మీద నాకున్నంత గౌరవం మా నడింపల్లెలో ఇంకెవరికీ లేదు. మిగతావాళ్ళకు ప్రభుత్వం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. నాకు అన్నం తిన్నప్పుడల్లా గుర్తొస్తుంది. పోలీసు స్టేషనుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు ఈ పక్కన, రేకుల షెడ్డు కింద బల్ల వేసుకొని ఇరవై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. పేరు చెంగల్రాయుడు. కొత్త నిబంధన ఒకటి వచ్చిందంటే రైతుకు వాన పడ్డట్టు నాకు. అటువంటి నేనే ఒక నిబంధనను చూసి ముక్కున వేలేసుకున్నానంటే అది ఎంత గొప్ప నిబంధనో మీరే ఆలోచించండి.

మా ఊరి నడుమ పోయే రోడ్డు మొన్నమొన్నటిదాకా ఉత్త రోడ్డే. జిల్లాలు విడగొట్టినప్పుడు అది సరిహద్దు అయి కూర్చుంది. పడమటి పక్క, అంటే స్టేషనూ టీ కొట్టూ ఉన్న పక్క, కొత్త జిల్లా. తూర్పు పక్క, అంటే బస్టాపూ నా షెడ్డూ ఉన్న పక్క, పాత జిల్లా. నడుమ డివైడరు కట్టారు గాని, మనుషులు దాటడానికి సందు వదిలారు. నేను రోజుకు మూడుసార్లు ఇరవై నాలుగు అడుగులు వేసి పరాయి జిల్లాకు వెళ్ళి టీ తాగి వస్తుంటాను. ఎవరూ ఏమీ అనలేదు. నేను తుపాకిని కాదు గదా.

ఒక సోమవారం పొద్దున పల్లె బస్సు దిగి, ఎగువ మొరవపల్లె రెడ్డెమ్మ నా షెడ్డులోకి వచ్చింది. అరవై దాటిన మనిషి. నెల కిందట మొగుడు సిద్ధప్ప పోయాడు. చేతిలో పొడుగాటి గోనెసంచి మూట ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టింది.

"రాయుడూ, దీన్ని స్టేషన్లో ఇయ్యల్లంట. ఒక కాయితం రాసీప్పా."

"ఏందక్కా అది?"

"మా ఆయప్ప తుపాకి."

సిద్ధప్ప తుపాకి నాకు తెలియనిది కాదు. వేరుశనగ చేలో అడవిపందులను తోలడానికి తాతల నాడు లైసెన్సు తీసుకున్న ఒంటి గొట్టం తుపాకి. అది పేలి పదకొండేళ్ళయింది. గొట్టంలో కందిరీగలు గూడు పెట్టాయి. అయినా సిద్ధప్ప దాన్ని భుజాన వేసుకొని గట్టు మీద అటూ ఇటూ నడిస్తే పందులు పారిపోతాయని ఆయన నమ్మకం. పందులకూ ఆ నమ్మకం ఉన్నట్టే ఉండేది. ఇప్పుడాయన పోయాడు కాబట్టి, వారసులు ఆయుధాన్ని వెంటనే స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలని, లేకపోతే కేసు పెడతామని ఆమెకు నోటీసు వచ్చింది.

"తొందరగా రాసీ నాయినా. చెనిక్కాయ పీకే పదునుకొచ్చింది. మూడెకరాలు. ఇంగొక వారం దాటితే భూమిలోనే మొలకలొస్తాయి. మద్దేనం బస్సుకు పోవల్ల" అంది.

అర్జీ రాశాను. రాసి ఊరుకున్నా బాగుండేది. తుపాకితో నేరుగా స్టేషనులోకి పోతే బాగుండదేమో, ముందు మనం వెళ్ళి అయ్యగారి అనుమతి తీసుకుందామని చెప్పాను. ఇరవై ఏళ్ళు అర్జీలు రాసినవాడికి పట్టే రోగం ఇది. దేనికైనా ముందు అనుమతి అడగాలనిపిస్తుంది. తర్వాత జరిగినదానికంతా కారణం ఆ ఒక్క మాటే. తప్పు నాదేనని ఇప్పుడూ ఒప్పుకుంటాను.

ఎస్సై భానుప్రకాశ్ కొత్తగా వచ్చిన కుర్రవాడు, నిబంధనల పుస్తకం తలగడ కింద పెట్టుకొని పడుకునే రకం. అర్జీ అంతా చదివి, "ఆయుధం ఎక్కడుంది?" అని అడిగాడు.

"అదిగో సార్, నా బల్ల మీద" అని కిటికీలోంచి చూపించాను.

ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశాడు. "అది పాత జిల్లా కదా" అన్నాడు.

"అవునండీ."

"ఇది కొత్త జిల్లా. అంటే అక్కణ్ణుంచి ఇక్కడికి తేవడం అంతర్‌జిల్లా ఆయుధ రవాణా. రవాణా అనుమతి పత్రం ఏదీ?"

రెడ్డెమ్మకు అర్థం కాలేదు. "పత్రమెందుకు సామీ? ఎత్తుకోనొచ్చి ఈడ పెడతా. నాలుగంగలు" అంది.

"అనుమతి లేకుండా రోడ్డు దాటిస్తే నేరమమ్మా."

"అట్లయితే మీరే వచ్చి తీసుకోండి."

"పరాయి జిల్లాలో నేను ఆయుధాన్ని ముట్టుకోకూడదు."

"అట్లయితే ఇంటికి ఎత్తుకోని పోతా. మీరు చెప్పినప్పుడు తెస్తా."

"మీ ఇల్లు కొత్త జిల్లాలో ఉంది. వెనక్కి తీసుకెళ్ళడమూ అంతర్‌జిల్లా రవాణానే" అన్నాడు ఎస్సై. "మీరు పొద్దున బస్సులో తెచ్చింది నేను చూడలేదు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. చూసిన తర్వాత మాత్రం వదిలిపెట్టలేను."

మనిషి చెడ్డవాడు కాదు. నిజంగానే బాధపడుతూ చెప్పాడు. వెంటనే పాత జిల్లా స్టేషనుకు ఫోను చేశాడు. సాయంత్రానికి అక్కణ్ణుంచి దొరస్వామి అనే కానిస్టేబులు ఒక రిజిస్టరూ, లక్క ముద్రా పట్టుకొని వచ్చాడు. గోనెసంచి మూటకు తాడు కట్టి, లక్క పోసి, నా బల్ల పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. "సదరు ఆయుధమును తదుపరి ఉత్తర్వులు వెలువడునంత వరకు యథాతథ స్థితిలో ఉంచవలెను. తెచ్చిన వ్యక్తి ప్రతిదినము ఉదయము పది గంటలకు, సాయంత్రము అయిదు గంటలకు హాజరై సంతకము చేయవలెను" అని ఉత్తర్వు చదివాడు.

ఎగువ మొరవపల్లెకు బస్సు రోజుకు రెండుసార్లే, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు ఒకటి. ఆ రెండు సంతకాల నడుమ పోయి రావడం కుదరదు. రెడ్డెమ్మను మా ఇంట్లోనే ఉండమన్నాను. నా భార్య ఆమెకు వేరే చాప పరిచింది.

మర్నాడు రవాణా అనుమతికి దరఖాస్తు పెట్టాం. ఇప్పుడంతా కంప్యూటరులో పెట్టాలి. ఆపరేటరు ఆయుధం రకం అడిగాడు. కందిరీగల గూడున్న ఒంటి గొట్టం తుపాకి అని చెప్పాను. తెరమీద అటువంటి రకం లేదు. వెతికి వెతికి, ఉన్నవాటిలో ఏదో ఒకటి నొక్కకపోతే తర్వాతి పేజీ రాదని 'నిషేధిత ఆయుధము' అన్నదాన్ని నొక్కాడు. ఆ ఒక్క నొక్కుతో సిద్ధప్ప తుపాకి సైన్యం వాడే తుపాకులతో సమానమైంది. దానికి కలెక్టరాఫీసు అనుమతీ, రెండు జీపులూ, నలుగురు సాయుధ పోలీసుల కాపలా కావలసి వచ్చాయి. ఆ ఆపరేటరును నేను ఏమీ అనను. రోజుకు నూరు దరఖాస్తులు పెట్టేవాడు తర్వాతి పేజీ కోసం ఏదో ఒకటి నొక్కక ఏం చేస్తాడు?

మూడో రోజు నేను పాత జిల్లా కలెక్టరాఫీసుకు వెళ్ళాను. ఆయుధ విభాగం సూపరింటెండెంటు పరిపూర్ణాచారి గారు మా దరఖాస్తును ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఆయన మాట్లాడుతుంటే జీవో చదువుతున్నట్టే ఉంటుంది.

"లైసెన్సుదారు స్వయముగా సంతకము చేయవలెను గదా?"

"ఆయన చనిపోయారండీ. అందుకే అప్పగిస్తున్నాం."

"ఆయన మరణమును నేను కాదనుట లేదు. కాని ప్రస్తుత చిరునామా గడిలో మీరు ఏమియు పూరింపలేదు. గడి ఖాళీగా నున్నచో దస్త్రము ముందుకు కదలదు."

కలం తీసి 'పరలోకం' అని రాశాను. ఆయన చదివి, కళ్ళజోడు సర్దుకొని, "చిరునామా ధ్రువీకరణ పత్రము జతపరచుడు" అన్నారు. మరణ ధ్రువపత్రం తీసి ఇచ్చాను. తృప్తిగా తల ఊపి పిన్ను కొట్టారు.

"తదుపరి, ప్రయాణ దూరము. ఇరవై నాలుగు అడుగులని వ్రాసితిరి. అడుగులు చెల్లవు. కనీసము ఒక కిలోమీటరు ఉండవలెను."

"స్టేషను ఎదురుగానే ఉందండీ. నా బల్ల దగ్గర కూర్చుంటే వాళ్ళ గోడ గడియారంలో టైము కనబడుతుంది."

"సమీపమున నున్నదని నిబంధనను సంక్షిప్తము చేయజాలము, చెంగల్రాయుడు గారూ. దూరమే లేని రవాణా రవాణా ఎట్లగును?"

ఆయనే కాగితం తీసుకొని, స్కేలు పెట్టి మార్గపటం గీశారు. ఆయుధం నా షెడ్డు దగ్గర బయలుదేరి, దక్షిణంగా టోల్‌గేటు దాకా పోయి, అక్కడ జీపు మళ్ళించుకొని, రోడ్డుకు అవతలి పక్కన తిరిగి వచ్చి స్టేషను చేరాలి. ఆరు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. రాత్రి బస గడిలో నా చేత 'అవసరం లేదు' అని రాయించారు. అవసరం లేదనడానికి కారణాలు వేరే కాగితం మీద రాయించారు.

ఆ కాగితాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కదులుతున్న రోజుల్లోనే చేలో పందులు పడ్డాయి. పల్లె బస్సు కండక్టరు మా షెడ్డు ముందు బస్సు ఆగగానే తల బయట పెట్టి రోజూ వార్త చెప్పేవాడు.

"రెడ్డెమ్మత్తా, తూరుపు గెనిమి కాడికి వచ్చినాయంట!" అంటే చేని గట్టు దాకా వచ్చేశాయన్నమాట.

రెండు రోజులకు, "బాయి కాడ నాలుగు సాళ్ళు దున్నేసినాయంట అత్తా! ఒకటి కాదంట, పిల్లలతో వచ్చినాయంట!"

రెడ్డెమ్మ ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. మూటను చూస్తూ కూర్చునేది. "ఆయప్ప ఉన్నన్నాళ్ళూ ఇది పందులకు కాపలా. ఇప్పుడు నేను దీనికి కాపలా. దీనికేమో దొరసామి కాపలా" అంది ఒకరోజు. దొరస్వామి తల వంచుకొని రిజిస్టరులో 'ఆయుధము క్షేమము' అని రాసుకున్నాడు. నాకు సిగ్గు వేసింది. అనుమతి అడుగుదామన్న నోరు నాదే మరి.

పన్నెండో రోజు కండక్టరు తల బయట పెట్టి, ఏమీ చెప్పకుండా లోపలికి తీసుకున్నాడు. రెడ్డెమ్మ లేచి బస్సు దగ్గరికి పోయింది.

"చెప్పురా."

"సగం పోయింది అత్తా. ఉండేదాంట్లో మొలకొస్తా ఉండాది."

ఆమె తిరిగి వచ్చింది. దొరస్వామి అప్పుడే టీకి రోడ్డు దాటి వెళ్ళాడు. రెడ్డెమ్మ చీరచెంగు నడుముకు దోపుకొని, మూటను సీలుతో సహా చంకన పెట్టుకొని రోడ్డు మీదికి నడిచింది. నేను ఆపాలి. ఆపలేదు. ఉన్నమాట చెప్పాలంటే, నాకు ఎక్కడలేని సంతోషం వేసి వెనకాలే పరుగెత్తాను. లారీ ఒకటి ఆగి ఆమెకు దారి ఇచ్చింది. ఇరవై నాలుగు అడుగులు కూడా పట్టలేదు; ఆమె పెద్ద అంగలు వేస్తుంది.

తిన్నగా ఎస్సై బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అని ఎస్సై లేచి నిలబడ్డాడు.

"తుపాకి."

"ఎలా వచ్చింది?"

"నేనెత్తుకోనొస్తే వచ్చింది."

"అనుమతి?"

"లే."

భానుప్రకాశ్ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. నా వైపు చూసి, "చెంగల్రాయుడు గారూ, దీన్ని వెంటనే వెనక్కి తీసుకెళ్ళండి" అన్నాడు.

"వెనక్కి తీసుకెళ్ళడానికీ అనుమతి కావాలి కదండీ. మీరే చెప్పారు."

"మరి ఇక్కడే ఉంటే?"

"నిషేధిత ఆయుధం అనుమతి లేకుండా జిల్లా దాటి వచ్చి మీ ఆధీనంలో ఉన్నట్టు అవుతుంది."

"కేసు ఎవరి మీద పెట్టాలి?"

"తెచ్చినామె మీదా, ఉంచుకున్న మీ మీదా, కాపలా వదిలి టీకి పోయిన దొరస్వామి మీదా, చూస్తూ ఊరుకున్న నా మీదా" అని నేను లెక్క చెప్పాను.

ఆయన నిబంధనల పుస్తకం తెరిచాడు. రెండు పేజీలు తిప్పి మూసేశాడు. ఇనప బీరువా తెరిచి మూటను లోపల పెట్టి తాళం వేశాడు. "నేనేమీ చూడలేదు. అది మీ బల్ల మీదే ఉంది" అన్నాడు. ఆ కుర్రవాడు బాగుపడతాడని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

మేం తిరిగి వచ్చేసరికి దొరస్వామి ఖాళీ బల్ల ముందు నేల మీద కూర్చొని ఉన్నాడు. "నా ఉద్యోగం పోయినట్టే సార్. ఆరేండ్ల సర్వీసుండాది నాకింకా" అన్నాడు. జరిగింది చెప్పాను. కాసేపు ఆలోచించాడు. తుపాకి పోయిందని రాస్తే పోగొట్టినవాడు తానే. ఉందని రాస్తే ఎవరికీ ఏ బాధా లేదు. లేచి, షెడ్డు మూల వేలాడుతున్న నా గొడుగు తీసి, వేరే గోనెసంచిలో చుట్టి, తాడు కట్టి, లక్క పోసి, ముద్ర వేశాడు. ముద్ర అతని దగ్గరే ఉంది కదా.

"అక్కా, నువ్వు ఊరికి పో. సంతకాల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు రెడ్డెమ్మతో. గొడుగుకు మనిషి సాక్ష్యం ఎందుకని అతని వాదన. రెడ్డెమ్మ సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పది రోజులు నా గొడుగుకు పోలీసు కాపలా నడిచింది. నడుమ ఒక రోజు పెద్ద వాన కురిసింది. రేకుల సందుల్లోంచి నీళ్ళు కారి నేను తడుస్తున్నాను. "ఒక్క గంట ఇవ్వయ్యా" అని బతిమాలితే, "సీలు తీసేదానికి లేదు సార్" అన్నాడు దొరస్వామి. అతను పాపం తన టోపీ ఇవ్వబోయాడు. పరిపూర్ణాచారి గారు కూడా ఒకసారి తనిఖీకి వచ్చి, మూటను మూడు అడుగుల దూరం నుంచి పరిశీలించి, 'ఆయుధము మిక్కిలి ప్రమాదకరముగా కానవచ్చుచున్నది. ప్రజలు సమీపించరాదు' అని రిజిస్టరులో రాశారు. దాంతో రెండు రోజులు నా దగ్గరికి అర్జీ రాయించుకునేవాడు ఒక్కడూ రాలేదు.

ఇరవై రెండో రోజు అనుమతి వచ్చింది. రెండు జిల్లాల ముద్రలూ ఉన్నాయి. అప్పగింతకు వారసురాలు ఉండాలి కాబట్టి రెడ్డెమ్మకు కబురు పెట్టారు. పొద్దున బస్సుకు వచ్చింది. అరచేతులకు ఎర్రమట్టి ఇంకా పోలేదు. ముఖం మాత్రం తేటగా ఉంది. మిగిలిన ఎకరన్నర కూలీలతో కలిసి మూడు రోజుల్లో పీకేసిందట.

రెండు జీపులు వచ్చాయి. నలుగురు సాయుధులు దిగి వరసగా నిలబడ్డారు. దొరస్వామి మూటను రెండు చేతుల మీదా తెచ్చి మొదటి జీపులో పెట్టాడు. నేనూ రెడ్డెమ్మా సాక్షులం గనక రెండో జీపులో ఎక్కాం. ఎదుటి వాకిట్లో ఎస్సై భానుప్రకాశ్ మా కోసం నిలబడి ఉన్నాడు. ఆయనకు చేయి ఊపి మేం దక్షిణంగా బయలుదేరాం. టోల్‌గేటు దగ్గర జీపులు మళ్ళించుకొని, లారీలను ఆపించుకుంటూ, అరగంటకు ఆయన దగ్గరికి చేరుకున్నాం. దారి పొడుగునా రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొనే కూర్చుంది. మొగుడు పోయిన తర్వాత ఆమె నవ్వడం చూడటం నాకు అదే మొదలు.

పరిపూర్ణాచారి గారు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ముద్రలు విప్పి ఆయుధమును సరిపోల్చుకొనుడు" అని ఆజ్ఞాపించారు.

"సాంకేతిక పరీక్ష లోపల చేయాలి సార్" అని ఎస్సై మూటను తీసుకొని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. బీరువా తాళం చప్పుడు నాకు వినబడింది. రెండు నిమిషాల్లో సిద్ధప్ప తుపాకిని పట్టుకొని బయటికి వచ్చాడు. నంబరు సరిపోయింది. కందిరీగల గూడు కూడా సరిపోయింది. రసీదు రాసి రెడ్డెమ్మ చేతిలో పెట్టాడు. నా గొడుగు సంగతి కళ్ళతోనే అడిగాను. ఆయన కళ్ళతోనే ఇప్పుడు వద్దన్నాడు.

పరిపూర్ణాచారి గారు లేచి నిలబడి, రెండు జిల్లాల సమన్వయం గురించి నాలుగు మాటలు చెప్పారు. చివరకు రెడ్డెమ్మ వైపు తిరిగి ఎంతో దయగా, "అయినను, తల్లీ, తమరు ఇంత త్వరపడవలసిన పని లేకుండెను. పంట రక్షణార్థము ఇచ్చిన ఆయుధమును వారసులు పంట చేతికి వచ్చునంత వరకు ఇంటియందే ఉంచుకొనవచ్చునని ఉపనిబంధన గలదు" అన్నారు.

దొరస్వామి గోడ వైపు తిరిగాడు.

"నోటీసులో అట్లా లేదే సామీ" అంది రెడ్డెమ్మ.

"నోటీసునందు నిబంధనలు మాత్రమే ఉండును. ఉపనిబంధనలు అడిగినవారికి చెప్పుదుము. ఇప్పటికైనను మించిపోయినది లేదు. కావలెనన్న ఆయుధమును వెనుకకు తీసికొనిపోవచ్చును. కేవలము ఒక రవాణా అనుమతి..."

భానుప్రకాశ్ రెండు చేతులూ జోడించాడు, ఆమెకో ఆయనకో తెలియదు.

బయట పల్లె బస్సు హారను కొట్టింది. రెడ్డెమ్మ రసీదును నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. సగం పంట పందుల పాలైన మనిషి, సగం పంట తన చేతులతో పీకుకున్న మనిషి, బల్ల మీది తుపాకిని ఒకసారి చూసి, మా అందరినీ ఒకసారి చూసింది.

"చేను ఖాళీ అయిపోయింది సామీ. ఇంగ నాకు కాపలా పనేముండాది?" అంది. "మీరింతమంది ఉండారు గదా. మీరే కాసుకోండి."

ఆమె వెళ్ళి బస్సు ఎక్కింది. వాళ్ళు ఇప్పటికీ దాన్ని కాస్తున్నారు.